నీరు కట్టిన నగరము – బెజవాడ కథ



2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటివారమున ఒకనాటి సాయంకాలము మా గన్నవరపు ఇంటిముంగిట ఆటో యొకటి వచ్చి నిలిచెను. అందుండి మావారి అక్కగారు దిగిరి. ఒక చేత గుడ్డసంచియు, ఒక చేత దేవతార్చన పెట్టెయు తప్ప మఱి సామాను లేదు. కట్టుకొన్న చీర మోకాళ్లవఱకు బురదతో అట్టకట్టి యుండెను. ఆమెది బెజవాడలో సింగునగరు. నలువదేండ్లుగా కాపురమున్న యింట మూడుదినములు రొమ్ములోతు నీరు నిలిచినదట. పొరుగువారి మేడమీద తలదాచుకొని, నాల్గవనాడు పడవపై వెలుపలికి వచ్చిరట. కాళ్లు కడుగుకొని, మంచినీరు త్రాగి, గోడకు చేరగిలబడిన పిమ్మట ఆమె పలికిన మొదటిమాట యిది:

"అమ్మాయీ, కృష్ణ పొంగుతుందేమోనని ఏటేటా భయపడుతూనే ఉన్నాను గాని, వెనకనుంచి బుడమేరు వస్తుందని కలలోకూడా అనుకోలేదే. నలభై ఏళ్లు ఆ ఊళ్లో ఉన్నాను. ఆ ఏరు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు."

ఆ మాట మాకును తగిలినది. మేము బడికి పోయి చదివినవారము కాము. మా నాయనగారియొద్ద ఇంటనే కూర్చుండి భారత భాగవతములును, నాలుగు కావ్యములును చదువుకొంటిమి. స్నానసంకల్పమున నదుల పేర్లన్నియు చెప్పగలము. కాని మా ఇంటికి ఇరువది కిలోమీటర్ల దూరముననున్న నగరములో ఏ నీరు ఏ త్రోవను పోవునో మేమును ఎఱుగము. వదినగారు మా యింట ఇరువదిదినములు ఉండిరి. ప్రతిరాత్రియు భోజనములైన తరువాత మావారు పాఠశాలనుండి తెచ్చిన పుస్తకములు ముందఱ వేసికొని, ముగ్గురమును బెజవాడ పూర్వకథను చదువుచు, చెప్పుకొనుచు కాలము పుచ్చితిమి. చదివినకొలదిని పుటపుటయందును నీరే కన్పించినది. ఆ సంగతులను మన సోదరీమణులతోను పంచుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొండయు ఏఱును

బెజవాడ అచ్చటనే ఏల పుట్టినదో తెలియవలెననిన ప్రకాశము బ్యారేజిపై కొంచెముసేపు నిలుచుండిన చాలును. ఒకవైపున ఇంద్రకీలాద్రి, ఆవలియొడ్డున సీతానగరపు కొండ. ఈ రెంటి నడుమ కృష్ణవేణి దూరి వచ్చును. అంతవఱకు గుట్టలను ఒరసికొనుచు వచ్చిన నది, ఇచ్చట కొండలను విడిచి, సముద్రమువఱకు చదునైన మెత్తనినేలపై విస్తరించును. మెట్టసీమకును డెల్టాకును నడిమి గడప యిది. ఇంటిలోనికి వచ్చువారును, పోవువారును గడప దాటకతప్పదు గదా! అట్లే ఎగువనుండి వచ్చు బండ్లును, దిగువనుండి వచ్చు పడవలును, యాత్రికులును, సైన్యములును ఈ గడపయొద్ద ఆగకతప్పలేదు. ఆగినచోట సంత, సంత యున్నచోట ఊరు, ఊరున్నచోట గుడి.

ఊరిపేరునకు పెద్దలు చెప్పుకథలు రెండు కలవు. నదికి కొండ అడ్డుపడగా ఆ కొండకు బెజ్జము పడి నీరు సాగినదనియు, ఆ బెజ్జమువాడయే బెజవాడ యైనదనియు ఒక కథ. విజయుడనగా అర్జునుడు. అతడు ఈ కొండపై తపస్సు చేసి శివునివలన పాశుపతమును పడసెను గనుక విజయవాడ యైనదని రెండవకథ. భారతము చదువుకొన్నవారము గనుక మేమొకమాట దాచక చెప్పవలెను. అరణ్యపర్వమున పార్థుడు ఉత్తరదిక్కునకు, హిమవత్పర్వతమువైపు తపస్సునకు పోయెననియే యున్నది. అయినను స్థలపురాణమునకు దాని నియమము దానికి కలదు. బిడ్డకు ముద్దుపేరు పెట్టుకొన్న తల్లిని లెక్కాచారము అడుగువారు ఉందురా?

కథలమాట అట్లుండగా, రాతిమీది సాక్ష్యమును కలదు. ఇంద్రకీలాద్రి మల్లేశ్వరాలయమున దొరికిన యొక శిలాస్తంభముపై చాళుక్యవంశపు యుద్ధమల్లుని శాసనము చెక్కియున్నది. ఇది ఇంచుమించు వేయి నూఱేండ్ల నాటిది. నన్నయభట్టారకుని భారతమునకు నూఱేండ్లకు పైగా ముందటిది. ఇందలి తెలుగుపద్యములు మధ్యాక్కరలు. కుమారస్వామికి గుడియు, దానికి చేరి మఠమును కట్టించిన సంగతి యందు కలదు. బెజవాడ యను పేరును అందు కలదు. అనగా మనము నేడు నోటితో పలుకు పేరే వేయేండ్ల క్రిందట శిల్పి ఉలితో చెక్కినాడు. ఎన్ని రాజ్యములు మాఱెను! ఈ ఒక్క మాట మాఱలేదు.

అంతకంటెను పాతవి గుహలు. ఆవలియొడ్డున ఉండవల్లిలో కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహాలయమును, అందు శయనించియున్న మహావిష్ణువు విగ్రహమును చూచినవారు మనలో చాలమంది యుందురు. ఈవలియొడ్డున మొగలరాజపురమునను, ఇంద్రకీలాద్రి పాదమునను గుహలు కలవు. కొండపాదమున నున్నవానిని అక్కన్నమాదన్నల గుహలందురు. ఆ అన్నదమ్ములు 17వ శతాబ్దమున గోలకొండ తానీషాకు మంత్రులు. గుహలుమాత్రము వారికి వేయేండ్లకు ముందటివని చెప్పుదురు. ఏడవ శతాబ్దమున చీనాయాత్రికుడు హ్యూయెన్‌త్సాంగు ఈ కృష్ణాతీరమునకు వచ్చి, ధాన్యకటకసీమలో కొంతకాలము నిలిచి, బౌద్ధగ్రంథములు చదివెను.

ఇక అమ్మవారి ముక్కుపుడక కథ ఎఱుగని ఆడుది ఈ సీమలో లేదు. కృష్ణ పొంగి పొంగి కొండయెక్కి, కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకిననాడు యుగాంతమగునని మన అమ్మమ్మలు చెప్పుచుండిరి. చిన్నతనమున మేము దానిని విని, వాన కురిసిన ప్రతిరాత్రియు నీరు ఎంతవఱకు వచ్చెనోయని భయపడుచు నిద్రపోయెడివారము. ఇప్పుడు తలచుకొనగా, ఆ కథలో భయముతోబాటు ఒక కొలతయు నున్నట్లు తోచుచున్నది. నీరు ఎంతవఱకు రావచ్చునో, ఎంతకు మించరాదో చూచుచుండుడని బిడ్డలకు చెప్పుటకు పూర్వులకు అంతకంటె సులభమైన గుర్తు దొరకదు.

ఆనకట్ట

నదియొడ్డున నుండియు అన్నమునకు మొగము వాచిన దినములు ఈ సీమకు కలవు. 1832-33లో, నందన సంవత్సరమున, వానలు తప్పెను. దానినే నందనకఱవనియు, డొక్కలకఱవనియు నేటికిని చెప్పుకొందురు. గుంటూరుసీమలో సుమారు 5 లక్షల జనములో 2 లక్షలవఱకు నశించిరని ఆనాటి లెక్క. కృష్ణలో నీరు లేకపోలేదు. ఆ నీరు పొలములకంటె పల్లమున పాఱి సముద్రమున కలిసిపోవుచుండెను. అటు నీరు, ఇటు బీడు, నడుమ ఆకలి.

ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటనుదొర ఆలోచనను అనుసరించి, కృష్ణకును బెజవాడయొద్ద ఆనకట్ట కట్ట నిశ్చయించిరి. కెప్టెను చార్లెస్ ఆరు అను ఇంజనీరు ఆ పనిని నడిపెను. 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. నది అచ్చట కొండల నడుమ ఇఱుకుగా నుండుటయు, కావలసిన రాయి ఆ కొండలయందే దొరకుటయు ఆ స్థలమునకు కలిగిన మేలు.

ఆనకట్ట యనిన చెఱువుకట్టవలె నీటిని నిలువచేయునది యని మేము అనుకొనెడివారము. మావారు గిన్నెలో నీరు పోసి చూపినప్పుడు విషయము తెలిసినది. అది నీటిమట్టమును కొంచెము పైకెత్తును. ఎత్తిన నీరు ఇరుప్రక్కల కాలువలలోనికి తనంతట తాను ఒరగును. మిగిలినది పైనుండి పొరలి పోవును. ఆ కొంచెపు ఎత్తుననే డెల్టా బ్రదుకు మాఱిపోయెను. జొన్నసంకటి తినిన యిండ్లలో వరియన్నము నిత్యమైనది. మెట్టపంటల పొలములు మాగాణులైనవి. ధాన్యపుకొట్లును, వడ్లమిల్లులును, వర్తకులును బెజవాడకు చేరిరి.

ఆ ఆనకట్ట నూఱేండ్లు పనిచేసినది. 1952 వరదలలో అందొక భాగము తెగిపోయెను. అప్పుడు దానికి ఎగువను క్రొత్తగా బ్యారేజి కట్టుట 1954లో ఆరంభించి 1957లో ముగించిరి. దానికి 70 తలుపులు; పొడవు ఒక కిలోమీటరునకు మించినది; పైన రహదారి. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేర అది ప్రకాశము బ్యారేజి యైనది. పండ్రెండు లక్షల యెకరములకు పైగా నేల దీని కాలువలపై ఆధారపడియున్నది. మనము ఉదయమున పొయ్యిపై పెట్టు ఎసరునకును, ఆ డెబ్బది తలుపులకును సంబంధము కలదని ఎంతమందిమి తలతుము?

పడవరేవునుండి రైలు జంక్షనువఱకు

ఆనకట్టతో కాలువలు వచ్చెను. కాలువలతో పడవలు వచ్చెను. నేటికిని బెజవాడ నడిబొడ్డున మూడుకాలువలు పాఱుచున్నవి: బందరుకాలువ, ఏలూరుకాలువ, రైవస్ కాలువ. రైలు రాకమునుపు ఇవే రాజమార్గములు. బందరునకును, ఏలూరునకును, ఏలూరునుండి గోదావరి కాలువలవెంట ఇంకను దూరమునకును పడవలు పోయెడివి. గట్టుమీద మనుష్యులు త్రాళ్లతో లాగుచుండ, లోపల కుటుంబములు చాపలు పఱచుకొని, ఊరగాయజాడీలతో, పసిపిల్లలతో రాత్రింబవళ్లు ప్రయాణము చేసెడివారు. కొత్తకోడండ్రు అత్తవారింటికి పోయినదియు, పురుటికి పుట్టింటికి వచ్చినదియు ఆ పడవలమీదనే. బెజవాడలో ఏలూరుకాలువ దాపున పడవలరేవు అను బస్సు ఆగుచోటు నేటికిని కలదు. పడవలు లేవు, పేరు నిలిచినది.

1888వ సంవత్సరము ఈ పట్టణమునకు పెద్దమలుపు. ఆ యేడు ఏప్రిలు 1న పురపాలకసంఘము ఏర్పడెను. ఆ యేడే దక్షిణ మహరాష్ట్ర రైల్వేవారి మార్గము బెజవాడను కలిసెను. మఱుసటియేడు సికింద్రాబాదునుండి నిజాము రైలుమార్గము వచ్చి చేరెను. 1899లో మదరాసుతో నేరుగా కలిసెను. ఇట్లు దక్కనునకును, కళింగమునకును, చెన్నపట్టణమునకును పోవు త్రోవలన్నియు ఈ గడపయొద్దనే ముడిపడెను. పూర్వము బందరు పెద్దపట్టణము, బెజవాడ దారిలోని ఊరు. రైలు ఆ వరుసను తలక్రిందులు చేసెను. 1901 జనాభాలెక్కలలో బెజవాడకు 24,224 మంది; 2011 నాటికి నగరజనము పదిలక్షలు దాటెను. పేరు విజయవాడ యైనను, రైల్వేవారి సంకేతాక్షరములు మాత్రము బీ-జెడ్-ఏ యనియే యున్నవి. యుద్ధమల్లుని రాతిమీది పేరు మన రైలుటిక్కెట్టుమీద మిగిలినదన్నమాట!

మా గన్నవరమును ఈ కథలో కొంచెము చోటు సంపాదించుకొన్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇచ్చట సైన్యమునకై విమానములు దిగుచోటు కట్టిరి. అదే నేటి విజయవాడ విమానాశ్రయము. 2017లో దానికి అంతర్జాతీయహోదా కలిగెను. విమానములు దిగుబాటను పొడిగించుటకు ఏలూరుకాలువనే ప్రక్కకు మఱల్చవలసివచ్చెను. పడవత్రోవ విమానపుత్రోవకు దారి యిచ్చినదని మావారు పిల్లలకు చెప్పుచుందురు.

రాట్నమును పుస్తకమును

త్రోవలు కలిసినచోట జనులు కలియుదురు. జనులు కలిసినచోట ఆలోచనలు కలియును. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయ్యెను. గాంధీమహాత్ముడు వచ్చెను. తిలకు స్వరాజ్యనిధికి కోటిరూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు: ఇది ఆనాటి తీర్మానము. మూడింటిలో ఒకటి నేరుగా ఇంటిలోనికి, ఆడువారి చేతిలోనికి వచ్చినది. దారము వడుకుట దేశసేవ యైనదినముల ఆరంభము బెజవాడలోనిదని మనము గర్వపడవచ్చును. పింగళి వెంకయ్యగారు జాతీయపతాకపు నమూనాను మహాత్మునికి సమర్పించినదియు ఆ సందర్భమునందే. సభ జరిగిన విక్టోరియా జూబిలీహాలు నేడు బాపూ మ్యూజియము. ఆనకట్ట కట్టిన ఆరు దొర పేర పిలువబడిన కొండకు గాంధీకొండ యని పేరు మాఱినది. దానిపై 1968లో గాంధీస్మారకస్తూపము వెలసినది.

1937లో కళాశాల వచ్చెను. 1948 డిసెంబరు 1న రేడియోకేంద్రము ఆరంభమయ్యెను. వంటయిండ్లలో తెల్లవాఱుచుండగనే భక్తిగీతములు వినిపించిన ఆ పెట్టెను మన పెద్దవారు మఱచియుండరు. విశ్వనాథ సత్యనారాయణగారు ఈ కళాశాలలో బోధించి, ఈ ఊరనే నివసించిరి. 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము తెలుగునకు మొదట తెచ్చినవారు వారే. వారికి సాహిత్య అకాడమీ బహుమానము తెచ్చినది విశ్వనాథ మధ్యాక్కరలు అను గ్రంథము. కొండమీది శాసనమునందలి ఛందస్సే వేయేండ్లకు మఱల అదే ఊరి కవి చేతిలో చిగిర్చినది! మేము ఈ సంగతిని చెప్పినప్పుడు వదినగారు ఆ వారములో మొదటిసారి నవ్విరి. "రాయి మునిగినా పద్యం మునగదు" అనిరి. 1989నుండి జరుగుచున్న పుస్తకమహోత్సవమునకు ఆమె ఏటేట పోయి కొన్న పుస్తకములన్నియు ఆ నీటిలో ఉబ్బి ముద్దలైనవని మాకు అప్పటికి తెలియదు.

వెనుకనుండి వచ్చిన ఏఱు

ఇప్పుడు బుడమేటి సంగతి. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, బెజవాడకు ఉత్తరముగా ప్రవహించి, కొల్లేటిలో కలియు చిన్నయేఱు ఇది. ఏడాదిలో చాలనెలలు దీనిని దాటుచు దీని పేరైనను తలపము. కాని వానలో దీని స్వరూపము వేఱు. అందుచేతనే దీనికి బెజవాడ దుఃఖదాయిని యని పేరు వచ్చినది. దీని పొంగును కొంత తప్పించుటకై వెలగలేరుయొద్ద తలుపులు పెట్టి, అచ్చటినుండి మళ్లింపుకాలువ త్రవ్వి, నీటిని బ్యారేజికి ఎగువను కృష్ణలో కలియునట్లు చేసిరి.

మంచి ఉపాయమే. కాని అందొక చిక్కు కలదు. కృష్ణయే నిండుగా నున్నప్పుడు మళ్లింపుకాలువ నీరు అందులో దిగజాలదు. నిండిన బిందెలో చెంబెడు నీరు పోసిన ఏమగును? 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కుండపోతగా వాన కురిసెను. ఆ దినములలోనే బ్యారేజియొద్ద కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద పాఱెను. 2009 అక్టోబరులో వచ్చిన 11 లక్షల 10 వేలను మించినది. క్యూసెక్కనగా క్షణమునకు సుమారు 28 లీటర్లు. మన లెక్కలో రెండుబిందెలు. అనగా ఒక్క క్షణమున ఇరువదిరెండు లక్షలకు పైగా బిందెల నీరు బ్యారేజిని దాటినదని ఊహించుకొనుడు. అట్టి సమయమున బుడమేటి మళ్లింపుకాలువ గట్లు మూడుచోట్ల తెగెను. ఆ నీరు తన పాతత్రోవనే పట్టుకొని నగరపు ఉత్తరభాగముమీద పడెను. సింగునగరు, రాజరాజేశ్వరిపేట మొదలగు పేటలు మునిగెను. లక్షలాది జనము నీటి నడుమ చిక్కుకొనిరి. గండ్లు పూడ్చుటకు సైన్యమువారు సైతము రావలసివచ్చెను.

నదివైపున కృష్ణలంకకు అడ్డుగోడ కట్టియుండుటచేత అచ్చటివారికి చాలవఱకు రక్షణ కలిగెను. అందఱి చూపును ముందఱి నదిమీదనే యుండెను. వెనుకటి యేఱు పొంచి వచ్చెను. 2005లో నొకసారి బుడమేరు ఊరిని ముంచినది. పందొమ్మిదేండ్లలో ఆ జ్ఞాపకము మాసిపోయినది. ఏటిగర్భమున ఇండ్లు లేచినవి, పల్లములు పూడినవి, త్రోవ ఇఱుకైనది. నీటికి మఱపు లేదు. మనకు కలదు.

ఇట్టి మఱపు మనకే చెందినది కాదు. అమెరికాదేశమున న్యూ ఆర్లియన్సు అను మహానగరము కలదు. 1718లో ఫ్రెంచివారు మిసిసిపీనదికిని, ఒక పెద్దసరస్సునకును నడుమ దానిని నెలకొల్పిరి. తొలుత జనులు నదియొడ్డున మెఱకనేలపై ఇండ్లు కట్టుకొనిరి. పిమ్మట ఊరు పెరిగి, వెనుకటి చిత్తడినేలలను ఎండగట్టి, కాలువగట్లను నమ్మి, పల్లములలోనికి దిగిరి. 2005 ఆగస్టు 29న కత్రినా యను తుపాను వచ్చినప్పుడు, ఆ కాలువగోడలును గట్లును తెగి, నగరమున ఇంచుమించు ఎనుబదిపాళ్లు నీట మునిగెను. పాతకాలపు మెఱకపేటలు చాలవఱకు నిలిచెను. ధనమునకును యంత్రములకును కొదువలేని దేశముననే యట్లయినప్పుడు, మనము కొండంత గర్వపడుటకు ఏమున్నది? నదికిని చెఱువునకును నడుమనున్న ఊరు ముందువెనుకలు రెండును చూచుకొనవలెను.

మన చేతిలోని పని

గట్లు కట్టుట, కాలువలు వెడల్పుచేయుట ప్రభుత్వమువారి పని. దానిని అడుగుట మన హక్కు. కాని గృహిణుల చేతిలోని పనియు కొంత కలదని మా యిరువదిరాత్రుల ముచ్చటలలో తేలినది.

ఇల్లు కొనునప్పుడు గాని, అద్దెకు తీసికొనునప్పుడు గాని మనము ఏమేమి అడుగుదుము? తూర్పుముఖమా, ఉత్తరముఖమా? వంటయిల్లు ఆగ్నేయమున నున్నదా? నూతినీరు తీపా, ఉప్పా? ఇన్ని యడుగు మనము, "పెద్దవాన వచ్చిన నీరు ఎటు పోవును?" అని ఒక్కమాట అడుగము. ఆ వీథిలోని ముసలమ్మను, పశువులను మేపిన తాతను, చాకిరేవును ఎఱిగినవారిని అడిగినచో నిజము చెప్పుదురు. పేటపేరును గూడ చెవియొగ్గి వినవలెను. లంక యనియో, రేవనియో, చెఱువనియో పేరున్నచో, అచ్చట ఒకప్పుడు నీరు కాపురమున్నదని గ్రహింపవలెను.

కాలువలో చెత్త వేయుట రెండవది. సంచిలో కట్టి గట్టుమీదనుండి విసరుట మనకు అలవాటైపోయినది. ఆ కాలువయే మన తాతమ్మలను పురుటికి తీసికొనివచ్చిన త్రోవ యని తలచినచో చేయి ఆడునా? పుష్కరములు వచ్చినప్పుడు పండ్రెండుదినములు నదికి హారతులిచ్చి, తరువాతి పండ్రెండేండ్లు ఆ నది పిల్లకాలువలను మలినపఱచుట ఏమి భక్తియో మనమే యోచింపవలెను. ఇంటిపత్రములను, పిల్లల చదువుపట్టములను, పెద్దల ఛాయాపటములను నేలపెట్టెలలో నుంచక ఎత్తైన అటకమీద నుంచుట మూడవది. వదినగారు తమ అత్తగారి ఛాయాపటమునకై కార్చిన కన్నీరు తడిసిన పట్టుచీరలకై కార్చలేదు.

ఇరువదిదినములు గడచిన పిమ్మట ఆమె తిరిగి పోవుటకు నిశ్చయించిరి. ఇల్లు అమ్మివేసి గన్నవరమునకే వచ్చివేయుమని మావారు బతిమాలిరి. ఆమె తల అడ్డముగా త్రిప్పిరి. "నలభై ఏళ్లు అన్నం పెట్టిన ఊరురా. ఒక్కసారి అలిగిందని వదిలేస్తానా?" అనిరి. మేమును వెంటబోయి నాలుగురోజులుండి, బురద తోడి, పాత్రలు తోమి, గోడలు కడిగితిమి. ఆ సంవత్సరము దసరాకు సున్నము వేయించునప్పుడు, వీథితలుపు ప్రక్కన గోడపై బురదనీరు గీచిన చారను ఒక జానెడుమాత్రము చెరపవద్దని సున్నమువానికి చెప్పిరి. శుభమా యని వెల్లవేయించుచు ఈ మరక యేలనని మేము అడిగితిమి.

"ఉండనీ అమ్మాయీ. రేపు మనవలు వచ్చి ఇదేమిటి బామ్మా అని అడగాలి గదా. నేను అడగలేదు, వాళ్లు అడుగుతారు" అనిరి.

విజయదశమినాటి సాయంకాలము కొండయెక్కి అమ్మవారిని దర్శించుకొని, మెట్లమీద నిలిచి క్రిందికి చూచితిమి. దీపములనడుమ కృష్ణవేణి నెమ్మదిగా పాఱుచుండెను. ముక్కుపుడక మెఱయుచుండెను. నీరు చాల క్రిందనే యుండెను. అయినను వదినగారు ఒక్కసారి వెనుకకు తిరిగి, ఉత్తరముగా, బుడమేరు ఉండుదిక్కునకును చూచి చేతులు జోడించిరి. మేమును జోడించితిమి.